లిఫ్టర్ ఎర్రయ్య

బంతి అనేది కొట్టడానికే పుట్టిందని లోకంలో అత్యధికుల అభిప్రాయం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఎర్రయ్య ఆ అభిప్రాయం మీద చాలా ఏళ్లుగా ఒంటరిపోరు సాగిస్తూ వచ్చాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం బంతి పుట్టింది ఇవ్వడానికి. కొట్టడమన్నది ఆ ఇచ్చుకోవడాలన్నీ అయ్యాక, ఎవడో ఒకడు తప్పనిసరై చెయ్యవలసిన పని. పదిమందీ కష్టపడి వండి వడ్డించాక చివర్లో ఒకడు తేన్చినట్టు.

న్యూ సెటిల్‌మెంట్‌లో క్వార్టర్ల వెనక ఒక మైదానం ఉంది. పొద్దున ఫుట్‌బాల్, సాయంత్రం వాలీబాల్. రెంటికీ గురుపీఠం ఎర్రయ్యదే. ఆ పీఠానికి జీతం లేదు, ఉత్తర్వు లేదు, కుర్చీ కూడా లేదు. మెడలో ఈల మాత్రం ఉంది. రిటైరయ్యాక ఊరికి ఆ పక్కనున్న మలంచాలో కొడుకు బుజ్జిబాబు ఇంటికి మకాం మార్చినా, పొద్దునా సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. బుజ్జిబాబుకి అక్కడ మొబైల్ ఫోన్ల షాపుంది. ఆటల మాస్టారి కొడుకై ఉండీ అతను జన్మలో క్యారమ్స్ కూడా ఆడలేదు. ధర్మం ఎక్కడో ఒకచోట బ్యాలెన్సు చేసుకుంటుంది.

ఫుట్‌బాల్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా బెంగాలీ పిల్లలు. వాళ్లకి ఆయన 'ఎర్రాదా', అంటే ఎర్రన్న. కొత్తగా చేరినవాళ్లకి నెలల తరబడి గోలుపోస్టు వంక చూసే యోగం ఉండదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, పాదం లోపలి పక్కతో బంతిని ఇచ్చుకోమంటాడు. వచ్చిన బంతిని తన్నేసినట్టు కాకుండా, పాదం కాస్త వెనక్కి తీసుకుంటూ మెత్తగా ఆపమంటాడు. "సంటిబిడ్డని అందుకున్నట్టు అందుకోవాల్రా!" అని తెలుగులో చెబుతాడు, బెంగాలీలో చెబుతాడు, హిందీలో చెబుతాడు. కోపం వస్తే మూడూ కలిపి చెబుతాడు. అప్పుడే పిల్లలకి బాగా అర్థమవుతుంది.

"దాదా, గోల్ కబ్ మారేగా?" అని ఒకసారి సుభాష్‌పల్లి నుంచి వచ్చే గడుగ్గాయి ఒకడు గోలు కొట్టనిచ్చేదెప్పుడో చెప్పమని నిలదీశాడు.

"గోల్ క్యా హై రే? ఆంఖ్ బంద్ కర్‌కే మారేగా తో భీ ఏక్ జాయేగా. పాస్ దే కే దిఖావ్, ఆంఖ్ బంద్ కర్‌కే!"

వాడు కళ్లు మూసుకుని పాస్ ఇచ్చాడు. బంతి వెళ్లి ఒక మేకకి తగిలింది. సిద్ధాంతం రుజువైందని ఎర్రయ్య ఈల ఊదాడు.

వాలీబాల్‌లో ఈ సిద్ధాంతానికి ఒక అవతార పురుషుడున్నాడు. వాణ్ణే లిఫ్టరంటారు. అవతలి వాళ్లు పంపిన బంతిని మనవాళ్లలో ఒకరు అందుకుంటారు. రెండోవాడు దాన్ని వేళ్ల కొసలతో నెట్టు పైకి లేపి పెడతాడు. మూడోవాడు ఎగిరి స్మాష్ కొడతాడు. జనం మూడోవాడికి చప్పట్లు కొడతారు. ఎర్రయ్య వయసులో ఉండగా వర్క్‌షాపు జట్టుకి రెండోవాడుగా ఆడాడు. మూడోవాడు విల్‌ఫ్రెడ్ అని ఒక ఆంగ్లో ఇండియన్. ఒకసారి పేపర్లో ఫోటో పడింది. అందులో విల్‌ఫ్రెడ్ ఆకాశంలో గరుత్మంతుడిలా ఉన్నాడు. ఓ పక్క అంచులో మణికట్టు దాకా రెండు చేతులున్నాయి. ఎర్రయ్య భార్య చిలకమ్మ ఆ ఫోటోని చుట్టపక్కాలకి చూపించేది.

"ఈ సేతులు మా మావవేనమ్మా. పెళ్లిసూపులకి మొకం సూపించినాడు, పేపరుకి సేతులు సూపించినాడు. మొత్తం మనిసిని సూపించమంటే ఎవులూ ఒప్పుకోనేదు."

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కథ ఇక్కడితో ఆగిపోతే ఎర్రయ్య సుఖపడేవాడు. కానీ మైదానానికి నీలవేణి వచ్చింది.

నీలవేణి అప్పలస్వామి కూతురు. అప్పలస్వామి వర్క్‌షాపులో ఎర్రయ్య పక్కన పనిచేసినవాడు, వరసకి బావమరిది. పన్నెండేళ్లు నిండకముందే తల్లి తలని దాటేసి పెరిగింది పిల్ల. అంత పొడుగు పిల్లని చూస్తే ఏ కోచ్ అయినా ఆనందబాష్పాలు రాల్చి స్మాషర్‌ని చేస్తాడు. ఎర్రయ్య పొడుగు చూడలేదు, వేళ్లు చూశాడు. వాటి మీదికి బంతిని విసిరాడు. బంతి వేళ్ల మీద దిగి మళ్లీ లేచి వెళ్లిపోయింది. చప్పుడు కాలేదు.

చప్పుడు కాకపోవడం లిఫ్టర్ విద్యలో పరాకాష్ఠ. అరచెయ్యి తగిలితే టప్‌మంటుంది. వేళ్లు మాత్రమే తగిలితే ఏమీ అనదు. ఎర్రయ్యకి అది రావడానికి ఏళ్లు పట్టింది. ఈ పిల్ల పుట్టుకతో తెచ్చుకుంది. గురువులకి ఒక జబ్బుంది. పోయేలోగా తమలాంటి వాణ్ణి ఇంకొకణ్ణి తయారుచేసి పోదామనిపిస్తుంది. ఎర్రయ్యకి పొగ, మందు, పేకాట ఏవీ లేవు గనక, ఈ జబ్బు కాస్త గట్టిగానే అంటుకుంది.

అలా నీలవేణి లిఫ్టరయింది. ఆమె లేపిన బంతుల్ని కొట్టేది షైని. పక్క లైను క్వార్టర్లలో ఉండే ఎస్తేరమ్మ మనవరాలు, నీలవేణి కంటే బెత్తెడు పొట్టి. కాళ్లలో మాత్రం స్ప్రింగులున్నాయి. ఇద్దరూ కలిసి జిల్లాకి ఆడారు, రాష్ట్రానికి ఆడారు. నీలవేణి తల తిప్పకుండా వెనక్కి బంతి లేపితే, షైని ఎక్కడుందో ఆ చేతులకే తెలిసేది. బంతి ఎక్కడ పడబోతుందో పట్టించుకోకుండా ఊరికే నిలబడినవాళ్లని ఎర్రయ్య మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. "కిందపడినోళ్లని లేపకపోయినా పర్వాలేదు, బంతిని మాత్రం పడనియ్యకూడదు" అనేది ఆయన పిల్లలకి చెప్పిన ఏకైక నీతి. నీలవేణికి ఆ శిక్ష ఎన్నడూ పడలేదు.

తర్వాత నోటీసు పడింది. రైల్వేలో స్పోర్ట్స్ కోటా, మహిళల వాలీబాల్, ఒకే ఒక్క ఉద్యోగం. స్మాషర్ కావాలి. లిఫ్టర్లు వాళ్లకి ఉన్నారు.

ఆ సాయంత్రమే అప్పలస్వామి మైదానానికి వచ్చాడు.

"బావా, సూసినావా?"

"సూసినాను."

"మరి మా గుంట ఏటి?"

"లిఫ్టరు."

"అది నాకూ తెలుసు. ఎవులు సేసినారు లిఫ్టరు? తాడిసెట్టంత పిల్లని తెచ్చి నీకప్పజెప్పినాను. కేంటీన్‌లో టీలందించే కుర్రోడిలాగ అందరికీ బంతులందించే పనిలో పెట్టినావు. ఆ ఎస్తేరమ్మ మనవరాలు గెంతుతాది, కొడతాది, సప్పట్లు కొట్టించుకుంటాది. మనదేమో పక్కన నిలబడి దండం పెట్టినట్టు సేతులెత్తుతాది!"

ఎర్రయ్య వంగి నెట్టు తాడు బిగించాడు.

అప్పలస్వామి గొంతు దిగింది. "ఈ ఏడు దాటితే దానికి వయసు దాటిపోతాది. నాకేమో రిటైర్మెంటు వచ్చేస్తన్నాది. పిల్లకి ఉద్యోగమొస్తే క్వార్టరు దాని పేర రాయించుకోవచ్చు. రాకపోతే ఖాళీ సెయ్యాల. ఇక్కడ అద్దెలు కట్టగలనా? మా అయ్య కలాసీగా వచ్చి దిగిన ఇల్లు బావా అది. నేను పుట్టింది అందులోనే, ఇది పుట్టింది అందులోనే. ఇప్పుడు పలాస అవతల సొంతూరికి ఎల్లాలంట. సొంతూరట! నాకు బస్సు దిగితే కుడికెల్లాలో ఎడమకెల్లాలో తెలీదు. ఇక్కడ మద్రాసీలంటారు, అక్కడికెల్తే బెంగాలోళ్లంటారు."

మనిషికి నాలుగు దిక్కులున్నాయని భూగోళశాస్త్రం చెబుతుంది. రైల్వే క్వార్టర్లో పుట్టినవాడికి ఉన్నది ఒకటే దిక్కు, ఆ క్వార్టరు. ఎర్రయ్యకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తనది ఖాళీ చేసిన రోజున ఆయన తాళంచెవి ఇచ్చొచ్చి, మలంచాలో కొడుకు ఇంటి గుమ్మం ముందు సైకిలు దిగి, లోపలికి వెళ్లడానికి తలుపు కొట్టాడు. తెరిచే ఉందని చిలకమ్మ చెబితేగాని తెలియలేదు.

"నేర్పుతాను" అన్నాడు. "స్మాషు నేర్పుతాను."

ఇందులో చిక్కు ఏమిటంటే, షైనికి ఆ విద్య నేర్పింది కూడా ఆయనే. ఉద్యోగం ఒకటి, శిష్యురాళ్లు ఇద్దరు. సాయంత్రం ఇద్దరికీ కలిపి చెప్పేవాడు. మధ్యాహ్నం ఎండలో, ఎవరూ లేనప్పుడు, నీలవేణికి విడిగా చెప్పేవాడు. దొంగతనానికి పోతున్నట్టు సైకిలు బెల్లు కొట్టకుండా వచ్చేవాడు.

వర్క్‌షాపులో పాత స్నేహితుల చేత ఒక ఇనుప చెయ్యి చేయించి స్తంభానికి బిగించాడు. దానికి తాడుతో బంతిని వేలాడదీశాడు. ఎడమకాలు, కుడికాలు, మళ్లీ ఎడమకాలు, రెండు చేతులూ వెనక్కి, ఎగురు, మోచెయ్యి చెవి పక్కన, మణికట్టు విరుపు. నీలవేణి తెలివైనది. నెల తిరిగేసరికి వేలాడే బంతిని ఆమె కొడుతుంటే స్తంభం వణికేది. అప్పలస్వామి చూసి, "ఇంతకాలం ఏటి సేసినావు బావా?" అన్నాడు. ఈసారి కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఎర్రయ్యకి తట్టని విషయం ఒకటుంది. తాడుకి వేలాడే బంతిని కొట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేం. అది ఎటూ పోదు, ఎక్కడా పడదు, ఎవరి సాయమూ అడగదు. మనిషి దాన్ని కొట్టాలా, పక్కవాడికి ఇవ్వాలా అనే ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. ఆటలో పుడుతుంది.

ట్రయల్స్ కలకత్తాలో. ముగ్గురూ తెల్లవారుజాము లోకల్ రైల్లో బయల్దేరారు. షైని ఝాల్‌మురీ, మన మసాలా మరమరాల్లాంటివే, కొని పొట్లం మధ్యలో పెట్టింది. "నీకొస్తే నాకు చీర, నాకొస్తే నీకు చీర" అంది. నీలవేణి నవ్వింది. ఎర్రయ్య కిటికీలోంచి పొలాల్ని తనిఖీ చేస్తున్నట్టు చూశాడు.

అక్కడికి వచ్చిన అమ్మాయిలని కలిపి జట్లుగా పంచారు. నీలవేణి, షైని ఒకే జట్టులో పడ్డారు. లిఫ్టరుగా ట్రయల్స్ వాళ్లు తెచ్చిపెట్టిన ఎవరో కొత్తమ్మాయి, భయంతో గడ్డకట్టుకుపోయి ఉంది. ఆట మొదలైంది. నీలవేణి తొలి బంతిని కొట్టిన కొట్టుడుకి అవతలి వాళ్లు చేతులు అడ్డం పెట్టలేదు, తప్పుకున్నారు. సెలక్టర్లలో ఒకాయన కళ్లజోడు సర్దుకున్నాడు. గీత బయట నిలబడ్డ ఎర్రయ్యకి క్వార్టరు కిటికీలు, గుమ్మం, పెరట్లో మునగచెట్టు వరసగా కళ్లముందు కనబడ్డాయి.

తర్వాత బంతి అడ్డంగా లేచింది. కొత్త లిఫ్టర్ దానికి దూరంగా ఉంది. నీలవేణి దాని కిందే ఉంది. ఒక్కడుగు వెనక్కి వేసి ఊరుకుంటే చాలు, ఆ తప్పు లిఫ్టర్ ఖాతాలో పడుతుంది. కాని ఆమె చేతులు లేచాయి. బంతి చప్పుడు లేకుండా వెనక్కి వెళ్లింది. అక్కడ షైని గాల్లో ఉంది. మెరుపు కొట్టినట్టు కొట్టింది. చప్పట్లు.

మళ్లీ అలాగే జరిగింది. ఆ తర్వాతా జరిగింది. కొత్తమ్మాయి భయపడినప్పుడల్లా నీలవేణి బంతి కిందికి పరిగెత్తింది. ఆమె లేపితే ఇంకెవరో ఎగిరారు. ఎక్కువసార్లు షైనియే. ఎర్రయ్య తన జీవితంలో అంత అందమైన లిఫ్టింగ్ చూడలేదు. చూడలేక తల తిప్పుకున్నాడు.

మంచినీళ్ల కోసం వదిలినప్పుడు ఆమె గీత దగ్గరకి వచ్చింది.

"మాస్టారూ, ఎలిపోతన్నాయి."

"ఏటి?"

"సేతులు. ఒద్దనుకుంటన్నాను. వాటంతటవే ఎలిపోతన్నాయి."

"నువ్వు లిఫ్టరువి కావు ఇయ్యాల."

"తెలుసు మాస్టారూ. బంతి పడిపోతన్నట్టుంటే నిలబడనేకపోతన్నాను."

ఎర్రయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినడం లేదు. ఒక మాట నోటిదాకా వచ్చింది. వెనక్కి పోలేదు.

"ఒగ్గీ" అన్నాడు. "పడిపోనీ."

నీలవేణి సీసా మూత పెట్టడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. గుడిలో పూజారి చెప్పులతో లోపలికి వస్తే చూసినట్టు చూసింది.

"పడిపోనీమంటారా?"

"ఔను."

ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి బంతి అడ్డంగా లేచింది, ఆమె తల మీదికే. నీలవేణి చేతులు రెండూ తొడలకి ఆనించి నిలబడింది. బంతి ఆమె పాదాల ముందు టప్‌మని పడి, ఇంకోసారి ఎగిరి, దొర్లుకుంటూ పోయింది. చెయ్యి చాస్తే అందే బంతిని ఎందుకు వదిలేసిందో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. సెలక్టరు పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. నీలవేణి వాళ్లని చూడలేదు. ఎర్రయ్యని చూసింది.

ఆ తర్వాత ఆమెకి మంచి బంతులే వచ్చాయి. ఎగిరింది, చెయ్యి లేపింది, నెట్టులోకి కొట్టింది. బయటికి కొట్టింది. లిఫ్ట్ చెయ్యడానికి చేతులు వెళ్లలేదు, కొట్టడానికీ వెళ్లలేదు. రెండూ ఒకేసారి పోయాయి.

ఉద్యోగం షైనికి వచ్చింది. న్యాయంగా వచ్చింది. అదొక్కటే ఆ వ్యవహారంలో ఎవరికీ ఉపయోగపడని విషయం.

ఎస్తేరమ్మ మట్టికుండలో రసగుల్లాలు పట్టుకుని మలంచా వచ్చింది.

"తమ్ముడూ, నీ కాళ్లకి దండం పెట్టాల. మా గుంటకి బతుకిచ్చినావు."

"నేనేటి సేసినాను అక్కా. అది ఆడింది."

"ఆ నీలవేణి లేకపోతే ఇది ఎగిరేదా? మా షైని ఆపకుండా ఏడుస్తన్నాది. ఇంత మిఠాయి తినమంటే తినదు. చీర కొన్నాది గానీ, ఆళ్లింటికి ఎలా పట్టుకెల్లాలో తెలీక పెట్టిలో పెట్టీసింది."

ఆమె వెళ్లాక చిలకమ్మ గిన్నెలో ఒక రసగుల్లా పెట్టి తెచ్చింది.

"తిను మావా. ఆళ్లు సేసిన పాపమేటి? షైని కూడా నీ పిల్లే గదా."

ఎర్రయ్య తిన్నాడు. తినకపోతే ఒక శిష్యురాలికి అన్యాయం. తిన్నాడు గనక ఇంకో శిష్యురాలికి. చిలకమ్మ మామూలుగా ఇలాంటి చోట ఏదో ఒకటి అని నవ్వించేది. ఈసారి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పలస్వామి రిటైరైన కొన్నాళ్లకి క్వార్టరు ముందు లారీ ఆగింది. ఎర్రయ్య సాయానికి వెళ్లాడు. అప్పలస్వామి ఆయన్ని ఏమీ అనలేదు. పోట్లాడతాడనే ఆశతో వెళ్లినవాడికి అది పెద్ద దెబ్బ. మంచం ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఎర్రయ్యకి ఇచ్చి, "మెట్టుంది, సూసుకో బావా" అన్నాడంతే.

నీలవేణి వంటింట్లో ఖాళీ డబ్బాలని గోనెసంచిలో వేస్తోంది.

"అక్కడ గ్రౌండుందంటా?" అడిగాడు ఎర్రయ్య.

"ఉందంట. మగపిల్లలు క్రికెట్ ఆడతారంట."

"వాలీబాలు?"

"తెలీదు మాస్టారూ." సంచి మూతి కట్టింది. కట్టి, ముడి మీదే చెయ్యి ఉంచి, "ఉద్యోగం పోనాదని నాకంత బాధ లేదు" అంది. "షైనికే గదా. ఆ బంతి పడింది సూడండి. నిద్దర్లో కూడా ఇనిపిస్తన్నాది. మీరు సెప్పినారని ఒగ్గీసినాను. మీరు సెప్పకపోతే ఒగ్గీదాన్ని కాదు. ఓడిపోయినా లిఫ్టరుగా ఓడిపోయీదాన్ని."

ఇంతకాలం పిల్లలకి ప్రతి తప్పుకీ దిద్దుబాటు చెప్పినవాడాయన. మోకాలు వంచు, మోచెయ్యి దించు, ముందే చూడు. ఈ తప్పుకి దిద్దుబాటు ఏదో ఆయనకి తెలియదు. "దారిలో తాగడానికి నీళ్లు పెట్టుకున్నారా?" అని అడిగాడు.

"పెట్టుకున్నాం" అంది నీలవేణి.

లారీ వెళ్లిపోయింది. ఎర్రయ్య మైదానం మానేస్తాడని అందరూ అనుకున్నారు. మానలేదు. మర్నాడు పొద్దున బెంగాలీ పిల్లలు వచ్చేసరికి ఈల మెడలో వేసుకుని ఉన్నాడు. ఆ రోజు మొదటిసారిగా, కొత్తగా చేరినవాళ్లని కూడా గోలులోకి కొట్టుకోమన్నాడు. వాళ్లు కేకలు పెట్టి కొట్టారు. సుభాష్‌పల్లి గడుగ్గాయి మాత్రం రెండుసార్లు కొట్టి, వచ్చి, "ఎర్రాదా, తబియత్ ఠీక్ హై న?" అని ఆయన ఒంట్లో ఎలా ఉందో అడిగాడు.

సాయంత్రం వాలీబాల్‌లోనూ అంతే. ఇప్పుడు న్యూ సెటిల్‌మెంట్ మైదానంలో చేరిన ప్రతి పిల్లా స్మాషరే. పొడుగైనా స్మాషరే, పొట్టైనా స్మాషరే. తల్లిదండ్రులకి చాలా సంతోషంగా ఉంది. మాస్టారికి ఇన్నాళ్లకి లోకజ్ఞానం అబ్బిందని మెచ్చుకుంటున్నారు. అయితే స్మాషర్లకి ఎవరో ఒకరు బంతి లేపి పెట్టాలి. తాడుకి వేలాడే బంతిని ఆయన విప్పేశాడు. అందుకని తనే నెట్టు దగ్గర నిలబడతాడు. అరవై దాటిన మోకాళ్లు వంచి, చేతులెత్తి, వరసలో వచ్చిన ప్రతి పిల్లకీ ఒక బంతి లేపుతాడు. వేళ్లు వాచిపోతున్నాయి. రాత్రి చిలకమ్మ ఉప్పునీళ్లు కాచి పెడుతూ, "ఎవురో ఒక గుంటకి నేర్పొచ్చు గదా మావా" అంటుంది. ఆయన వేళ్లు ఇంకాస్త లోతుకి ముంచుతాడు.

మొన్న ప్రశాంతి అని ఒక చిన్నపిల్ల వరసలో తన వంతు వచ్చినా ఎగరకుండా నిలబడిపోయింది. ఆయన చేతుల వంకే చూస్తోంది.

"ఏటమ్మా, ఎగరవేటి?"

"మాస్టారూ, మీరు సేసింది నేనొకసారి సెయ్యనా?"

ఎర్రయ్య చూపు ఆ పిల్ల వేళ్ల మీద పడింది. వెంటనే తిప్పేసుకున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు. "నువ్వు కొట్టు."